ఉప్పునీటి అడవికి అత్తయ్యగారితో

మా కడియంలో ఆదివారం మాకు సెలవు కాదండి, మమ్మల్ని చూడ్డానికొచ్చేవాళ్ళకి సెలవు. కడియపులంక రోడ్డు పొడుగునా కార్లు ఆగుతాయి. పూలమొక్కల మధ్య నిలబడి ఫొటోలు దిగుతారు. "ఎంత అదృష్టవంతులండీ, రోజూ ఈ పచ్చదనంలోనే ఉంటారు" అంటారు. నిజమే అని నవ్వుతాను. వాళ్ళకి అది పచ్చదనం, మాకు పని. కవర్లలో మట్టి నింపించాలి, కూలీలకి టీ పంపాలి, లారీ ఎక్కించేదాకా లెక్క చూడాలి. ఇరవై మూడేళ్ళుగా మొక్కల మధ్యే ఉన్నాను కానీ, చెట్లు చూడ్డానికని ఎక్కడికైనా వెళ్ళింది లేదు.

అందుకే మా అమ్మాయి "కోరంగి అడవికి వెళ్దామమ్మా" అన్నప్పుడు, ఉన్న మొక్కలు చాలవా తల్లీ అన్నాను. తను డిగ్రీ రెండో సంవత్సరం, బోటనీ. "ఆ చెట్లు మన నర్సరీలో ఒక్కటీ లేవు, కావాలంటే నాన్నని అడుగు" అంది. మావారిని అడిగితే తల అడ్డంగా ఊపారు. నిజంగానే లేవు. రెండువేల రకాలున్నాయని గొప్పలు చెప్పే మనిషి, ఒక్క మడచెట్టు కూడా లేదని ఒప్పుకోవాల్సి వచ్చింది. దాంతో ఆయనకీ పట్టుదల వచ్చింది. డిసెంబరు అంటే మాకు బంతీ చామంతీ అమ్ముడుపోయే రోజులు, ఊపిరాడదు. అయినా ఒక బుధవారం ఖాళీ చేసుకున్నారు.

మా అత్తయ్యగారు వస్తానంటారని మాత్రం మేమెవ్వరం అనుకోలేదు.

ఎందుకో చెప్పాలి. అత్తయ్యగారి పుట్టిల్లు తాళ్ళరేవు దగ్గర. 1996 నవంబరు 6 తుపాను మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. బుధవారం రాత్రి. దీపావళి ఇంకా నాలుగు రోజులుంది. కోనసీమలో కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా పడుకున్నాయి, వెయ్యిమందికి పైగా పోయారు. పోయినవాళ్ళలో చాలామంది సముద్రం మీదకి వేటకి వెళ్ళినవాళ్ళూ, రొయ్యపిల్ల పట్టడానికి తీరానికి వెళ్ళినవాళ్ళూ. అత్తయ్యగారి తమ్ముడు ఆ రోజు సీడు కొనడానికని పడవలో లంకల్లోకి వెళ్ళారు. అప్పట్లో చెరువుల వాళ్ళకి రొయ్యపిల్లని సీడు అనేవారు, మంచి లాభాలుండేవి. ఆయన మళ్ళీ రాలేదు. మనిషీ దొరకలేదు. నా పెళ్ళి 2001లో అయింది కాబట్టి నాకు ఆయన గోడమీద ఫొటోయే. గళ్ళచొక్కా, నుదుటిమీద పడ్డ జుట్టు, మావారి పోలికే.

ఆ తర్వాత అత్తయ్యగారు ఆ వైపు వెళ్ళలేదు. పెళ్ళిళ్ళకి పిలిస్తే మావయ్యగారిని పంపేవారు. ఆయన పోయాక మావారిని పంపుతున్నారు. అలాంటి ఆవిడ ఆ బుధవారం పొద్దున్నే తలస్నానం చేసి, నేతచీర కట్టుకుని, వీధి అరుగుమీద చెప్పుల పక్కన సంచీతో కూర్చున్నారు. "అత్తయ్యగారూ, బాగా నడవాలంట" అన్నాను. "నడుస్తాన్లే అమ్మాయ్. నువ్వు పులిహోర సర్దావా?" అన్నారు. అంతే. కారు డిక్కీలో రెండు కవరు మొక్కలు పెట్టించారు, ఒకటి కరివేపాకు, ఒకటి మల్లె. కడియం వాళ్ళు ఎక్కడికి వెళ్ళినా చేతిలో మొక్క ఉంటుంది కాబట్టి నేనేమీ అడగలేదు.

ద్వారపూడి, మండపేట, రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా యానాం చేరాం. యానాంలో పెట్రోలు చవకని మావారు ట్యాంకు నిండా కొట్టించి, ఎంత మిగిలిందో తాళ్ళరేవు దాకా చెప్తూనే ఉన్నారు. అత్తయ్యగారు కిటికీవైపే చూస్తున్నారు. తాళ్ళరేవు వచ్చినప్పుడు మాత్రం తల తిప్పి, ఒళ్ళో సంచీ సర్దుకోవడం మొదలుపెట్టారు. సర్దేంత ఏమీ లేదు అందులో.

అక్కడినుంచి కాకినాడ వైపు వెళ్తుంటే కుడిచేతివైపు అడవి. బోర్డుమీద కోరింగ అని ఉంటుంది, ఊరివాళ్ళు కోరంగి అంటారు, నాకు కోరంగే బాగుంది. ఆ పేరుకి పెద్ద కథే ఉంది. ఒకప్పుడు ఇది గొప్ప రేవు. ఇక్కడ ఓడలు కట్టేవారు, దెబ్బతిన్న ఓడల్ని బాగుచేసేవారు. బర్మా వెళ్ళే మనవాళ్ళు ఈ రేవునుంచే ఎక్కువగా ఓడ ఎక్కారు. అందుకని రంగూన్లో తెలుగువాడెవడు కనపడినా, వాడు ఏ జిల్లావాడైనా సరే, 'కోరంగీ' అనేవారట. మా ఇళ్ళలో పెద్దవాళ్ళు రంగూన్‌ని రంగం అనేవారు. రంగం వెళ్ళి నాలుగు డబ్బులు సంపాదించుకొచ్చినవాళ్ళ కథలు గోదావరి జిల్లాల్లో ఏ ఇంట్లో లేవు చెప్పండి. అంత రేవునీ తుపానులే తినేశాయి. 1789లో ఒకటి, 1839 నవంబరులో ఇంకొకటి. తుపానుకి ఇంగ్లీషులో సైక్లోన్ అన్న పేరు పెట్టింది కలకత్తాలో ఉండే హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన, 1840లలో. చుట్ట చుట్టుకున్న పాము అన్న అర్థం వచ్చే గ్రీకు మాటనుంచి తీశాడు. మన కోరంగిని ముంచిన 1789 తుపాను గురించి కూడా ఆయన రాశాడు.

ఇదంతా మా అమ్మాయికి కారులో చెప్తుంటే మధ్యలో నాలిక కరుచుకున్నాను. పక్కన అత్తయ్యగారున్నారు. ఆవిడ మాత్రం "చెప్పు చెప్పు, రంగం ఓడల గురించి మా తాత చెప్పేవాడు" అన్నారు.

టిక్కెట్లు తీసుకుని లోపలికి వెళ్ళాక చెక్కల వంతెన మొదలవుతుంది. బురద మీదుగా, చెట్ల మధ్యలోంచి వంకరటింకరగా వెళ్తుంది. వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక మాట. పొద్దున్నే వెళ్ళండి, అదీ నీళ్ళు తీసి ఉన్నప్పుడు వెళ్ళండి. రోజుకి రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు. పోటు మీద వెళ్తే నీళ్ళలో నిలబడ్డ చెట్లు కనిపిస్తాయి, బాగానే ఉంటుంది కానీ అసలు చూడాల్సిందంతా నీళ్ళకిందే ఉండిపోతుంది. పడవ షికారు ఉంది కానీ, నీటిమట్టం చూసుకునే నడుపుతారు. హీలు చెప్పులు వద్దు, చెక్కల సందుల్లో ఇరుక్కుంటాయి. తినేవి స్టీలు డబ్బాల్లో పట్టుకెళ్ళండి, కవర్లు తీసుకెళ్తే గాలికెగిరి ఆ వేళ్ళకి చుట్టుకుంటాయి.

వేళ్ళంటే గుర్తొచ్చింది. మడచెట్టు చుట్టూ బురదలోంచి పెన్సిళ్ళు పాతినట్టు వందలకొద్దీ మొలకలు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. నేను మొక్కలనుకున్నాను. మొక్కలు కావు, వేళ్ళు! చెట్టువేళ్ళు కిందకే కదా వెళ్తాయి, ఇవి పైకి వస్తాయి. ఆ బురదలో గాలి ఉండదట. అందుకని వేరే ముక్కు పైకి పెట్టి ఊపిరి పీలుస్తుంది. కుండీలో నీళ్ళు నిలబడితే వేరు కుళ్ళిపోతుందని కొన్నవాళ్ళందరికీ పాఠం చెప్పే మావారు వంతెన కడ్డీమీద వంగి చాలాసేపు చూశారు. "నీళ్ళు నిలబడ్డా బతికే ఉపాయం ఇదన్నమాట" అన్నారు మెల్లిగా.

ఇంకొంచెం లోపలికి వెళ్తే ఉప్పుపొన్న. దానికి వేళ్ళు కాండంమీంచే పుట్టి గొడుగు ఊచల్లా చుట్టూ దిగుతాయి. దాని కాయ చూసి నేను ములక్కాడ అనుకున్నాను. మా అమ్మాయి చెప్పింది, అది కాయ కాదు, మొలక. గింజ చెట్టుమీద ఉండగానే మొలకెత్తుతుంది. బారెడు పెరిగాక, బరువు తెలిశాక కిందకి వదిలేస్తుంది. పాటులో పడితే నేరుగా బురదలో గుచ్చుకుని అక్కడే వేరు పోస్తుంది. పోటులో పడితే తేలుకుంటూ పోయి ఎక్కడో ఒడ్డుపడుతుంది. ఉప్పునీళ్ళలో గింజ వేస్తే మొలవదు కాబట్టి పిల్లని మొలిపించి మరీ పంపిస్తుంది. మా అమ్మాయి ఇది చెప్పి నావైపు చూసి నవ్వింది. పీజీకి విశాఖపట్నం వెళ్తానని మూడు నెలలుగా ఇంట్లో నడుస్తున్న గొడవ మీకు తెలుసుగా. నేను ములక్కాడల వైపే చూశాను.

మడ అన్న మాట గురించి నాకో ఊహ. మడి, మడుగు, మడ, అన్నీ ఒకింటి పిల్లలే అనిపిస్తుంది. తెలుగు బీయే చదివిన పాపానికి ఇలాంటివి తోస్తూ ఉంటాయి. సరే.

బురదలో జీవాలు చూడాలంటే ఓపిగ్గా ఒకచోట నిలబడాలి. అడుగుల చప్పుడుకి దాక్కుంటాయి. రెండు నిమిషాలు కదలకుండా ఉంటే చిన్నచిన్న బొరియల్లోంచి పీతలు బయటికొస్తాయి. మగపీతకి ఒక చెయ్యి మాత్రం ఒళ్ళంత ఉంటుంది, దాన్ని ఊపుతూ ఎవర్నో పిలుస్తున్నట్టుంటుంది. నీళ్ళలో ఉండాల్సిన చేప ఒకటి బురదమీద రెక్కలు ఆనించి గెంతుతోంది! ఎర్రగద్ద, లకుముకిపిట్టలు, తెల్లకొంగలు లెక్కలేనన్ని. ఈ అడవిలో బావురుపిల్లులు ఉంటాయి, చేపలు పట్టుకు తినే పిల్లులు. నీటికుక్కలూ ఉంటాయి. మాకేవీ కనపడలేదు, బురదలో అడుగుల జాడలు కనపడ్డాయి, ఎవరివో తెలీదు. బావురుపిల్లులు ఎక్కువగా రాత్రిపూట తిరిగే జీవాలు, మనకోసం పగలు ఎందుకొస్తాయి?

అత్తయ్యగారు నెమ్మదిగా నడుస్తున్నారు. ఒకచోట మా అమ్మాయి చెయ్యి చాపి ఒక కొమ్మ అందుకోబోతే గట్టిగా కేకేశారు. "ముట్టుకోకు! తిల్ల అది. పాలు కంట్లో పడితే చూపు పోద్ది." మా బోటనీ విద్యార్థిని చటుక్కున చెయ్యి తీసేసింది. పుస్తకంలో చదివిందట, చెట్టు చూసి మాత్రం గుర్తుపట్టలేదు. అప్పటినుంచి క్లాసు మారిపోయింది. మామ్మ చెప్తోంది, మనవరాలు రాసుకుంటోంది. "ఇది నల్లమడ. దీని ఆకు గేదెలకి కోసుకొచ్చేవోళ్ళం. ఆ కర్ర పొయ్యిలోకి. ఈ ఊళ్ళల్లో వంటంతా మడకర్రతోనే అయ్యేది. టిక్కెట్టు కొనుక్కుని చూడ్డవేంటే దీన్ని? మేవు కట్టెల మోపు నెత్తినెట్టుకుని ఈ బురదలో నడిచినోళ్ళం." పక్కన నడుస్తున్న హైదరాబాదు వాళ్ళు కూడా ఆగి విన్నారు. ఒకావిడ ఫొటో దిగొచ్చా అని అడిగింది, అత్తయ్యగారు చీరచెంగు సర్దుకుని దిగారు కూడా.

1978లో దీన్ని అభయారణ్యం చేశాక కర్ర కొట్టడం నేరం. దాదాపు 235 చదరపు కిలోమీటర్ల అడవి, సుందర్‌బన్స్ తర్వాత మనదేశంలో చెప్పుకునే పెద్ద మడఅడవుల్లో ఇదొకటి. కొట్టేసి పాడైనచోట్ల మళ్ళీ పెంచారట. ఎలాగంటే చేపముల్లు ఆకారంలో చిన్నచిన్న కాలవలు తవ్వి, పోటునీరు లోపలిదాకా వచ్చి పోయేటట్టు చేశారు. కదలని నీళ్ళు ఎండకి ఎండి ఉప్పు పేరుకుంటే మడ కూడా బతకదు. స్వామినాథన్ గారి సంస్థవాళ్ళూ అటవీశాఖా ఊళ్ళవాళ్ళతో కలిసి ఈ పని చేశారు. మొక్క నాటడం కంటే నీటికి దారి ఇవ్వడం ముఖ్యం అన్నమాట. ఇది మావారికి బాగా నచ్చింది. కడియంలో కాలవనీరు ఆగిపోతే మా ఇంట్లో అన్నం దిగదు. ధవళేశ్వరం దగ్గర ఆపి మాకిచ్చిన ఆ గోదావరే, మిగిలింది ఇక్కడికొచ్చి ఉప్పులో కలుస్తుంది.

వంతెన చివర్న పాయ ఒడ్డున కూర్చుని పులిహోర తిన్నాం. ఎదురుగా నీళ్ళు సముద్రంవైపు పోతున్నాయి. అటువైపు, కంటికి కనపడనంత దూరంలో హోప్ ఐలాండ్ ఉంటుంది, గోదావరి మోసుకొచ్చిన ఇసకే దిబ్బకట్టి దీవి అయింది. శీతాకాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు దానిమీదకొచ్చి గుడ్లు పెడతాయి. ఆ దీవి అడ్డం ఉండబట్టే కాకినాడకి అల దెబ్బ తగ్గుతుందంటారు.

అప్పుడు మాట్లాడారు అత్తయ్యగారు. ఎవరినీ చూడకుండా, నీళ్ళనే చూస్తూ.

"మా వోడితో పడవలో ఇద్దరెళ్ళారు. ఆళ్ళిద్దరూ మడచెట్టెక్కి రాత్రంతా కొమ్మ కావిలించుకుని ఉండిపోయారంట. తెల్లారి దిగారు. ఈడూ పట్టుకున్నాడంట. సంచీ ఒక చేత్తో పట్టుకున్నాడు, ఒంటిచెయ్యి ఆగలేదు."

సంచీలో డబ్బు. ఆ డబ్బు మావయ్యగారు ఇచ్చింది. బావ ఇచ్చిన పెట్టుబడి, పోగొడితే అక్క ముఖం ఎలా చూడాలి అనుకుని ఉంటాడు. ఈ సంగతి నాకు ఇరవై మూడేళ్ళలో ఎవ్వరూ చెప్పలేదు. పదకొండోరోజున తాళ్ళరేవు అత్తయ్య (ఆయన భార్య) అందరిముందూ అన్నదట, "మీ డబ్బే నా మొగుణ్ణి తీసుకుపోయింది ఒదినా" అని. అప్పటికి ఆవిడకి ముప్ఫయ్యేళ్ళు కూడా లేవు, చంకలో పిల్ల. అత్తయ్యగారు ఏ మాటా అనకుండా వచ్చేశారట. మావయ్యగారు నెలనెలా డబ్బు పంపితే రెండుసార్లు తిప్పి పంపేసింది. తర్వాత పంపడం మానేశారు. పిల్ల పెళ్ళికి కార్డు వచ్చింది, మావారు వెళ్ళి అక్షింతలు వేసి వచ్చారు. అంతవరకే.

"ఆవిడన్నది తప్పు కాదు," అన్నారు అత్తయ్యగారు. "అలాగని మీ మావయ్యగారిదీ తప్పు కాదు. ఎవరిదీ కానప్పుడు ఇంక దేని గురించి మాట్లాడుకుంటాం?"

మావారు ఏదో అనబోయారు. నేను చెయ్యి నొక్కాను. మా అమ్మాయి మామ్మ పక్కకి జరిగి కూర్చుంది. ఈ ఈడుపిల్లలకి ఏమీ తెలియదనుకుంటాం గానీ, ఎప్పుడు నోరు మూసుకోవాలో మనకంటే వాళ్ళకే బాగా తెలుసేమో.

మెట్టుదగ్గర ఒక ఉప్పుపొన్న మొలక నీళ్ళమీద తేలుతూ వచ్చి ఆగింది. అత్తయ్యగారు వంగి తీశారు. డెబ్బై దాటినా ఆ చేతులు నర్సరీ చేతులే, మొక్క చేతికి రాగానే వేళ్ళతో కొన తడిమి చూశారు. "ప్రాణం ఉంది" అన్నారు. మావారు ఆశగా చూశారు, కడియం పట్టుకెళ్దామంటారేమోనని. ఆవిడ మళ్ళీ నీళ్ళలోనే వదిలేశారు. అది కాసేపు అక్కడే తిరిగి, పాటునీటితో పాటు వెళ్ళిపోయింది.

చొల్లంగి అమావాస్య మాటొచ్చింది తిరిగివచ్చేటప్పుడు. పుష్యమాసం అమావాస్యకి చొల్లంగి దగ్గర తుల్యభాగ సముద్రంలో కలిసేచోట స్నానాలు చేస్తారు. సప్తసాగరయాత్ర అక్కడే మొదలై అంతర్వేదిలో పూర్తవుతుంది. పెళ్ళైన కొత్తలో మావయ్యగారితో ఆ స్నానానికి వచ్చారట అత్తయ్యగారు, తమ్ముడే దగ్గరుండి తీసుకెళ్ళాడట. పడవలో కూర్చోబెట్టి, ఒక్క తెడ్డు వెయ్యగానే భయపెట్టాడట. ఆ సంగతి చెప్తూ నవ్వారు. ఆయన గురించి నవ్వుతూ మాట్లాడగా నేను వినడం అదే మొదటిసారి.

తాళ్ళరేవు దగ్గరపడగానే "కాస్త నెమ్మదిగా పోనీరా" అన్నారు. తర్వాత "ఆపు" అన్నారు. దిగి, డిక్కీ తియ్యమని, రెండు మొక్కలూ రెండు చేతుల్లోకి తీసుకున్నారు. మావారు అందుకోబోతే ఇవ్వలేదు. "మీరు కూర్చోండి, నేను పిలుస్తాను" అని సందులోకి నడిచారు. దారి ఎవర్నీ అడగలేదు.

పావుగంట అయింది. ఇరవై నిమిషాలు. మావారు రెండుసార్లు తలుపు తీశారు, రెండుసార్లు నేను వెయ్యించాను. ఆఖరికి ఒక చిన్నపిల్లాడు పరుగెత్తుకుంటూ వచ్చి, "కాఫీకి రమ్మంటున్నారండి" అన్నాడు.

వెళ్ళేసరికి ఇద్దరూ పెరట్లో ఉన్నారు. తాళ్ళరేవు అత్తయ్య కళ్ళు తుడుచుకుని ఉంది, మా అత్తయ్యగారి చీర భుజం దగ్గర తడిగా ఉంది. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. మేం వెళ్ళేటప్పటికి నడుస్తున్న మాట మొక్కల గురించి.

"ఎక్కడ పెట్టమంటావు ఒదినా, నూతి దగ్గరా?"

"నేలలో వద్దే. మీదంతా ఉప్పు నేల, కరేపాకు చచ్చిపోద్ది. కుండీలో ఉంచు. మట్టి ఈసారి వచ్చేటప్పుడు నేను తెస్తాను."